తక్కువ కేలరీల ప్రత్యామ్నాయాలు: ఏది నిజంగా పనికొస్తుంది, ఏది పేరుకే?

బరువు తగ్గాలని వైద్యుడు చెప్పిన మరునాడు మన ఇళ్ళలో మొదలయ్యేది తిండి తగ్గించడం కాదు, కొత్త తిండి కొనడం. విజయవాడ బెంజి సర్కిల్ వైపు గానీ, గుంటూరు లక్ష్మీపురం వైపు గానీ ఏ పెద్ద సరుకుల దుకాణంలోకి వెళ్ళినా ఇందుకోసమే ఒక వరుస కేటాయించి ఉంటుంది. పంచదారకు బదులు టీలో వేసుకునే తీపి బిళ్ళలు, డైజెస్టివ్ బిస్కెట్లు, ఓట్స్, ముడిబియ్యం, కొర్రలు, వెన్న తీసిన పాలు, "లైట్" అని రాసిన నూనెలు, చక్కెర లేని కాజూ బర్ఫీ అన్నీ అక్కడే దొరుకుతాయి. వీటిలో కొన్ని నిజంగా కేలరీలను తగ్గిస్తాయి, కొన్ని ఏమీ తగ్గించవు, ఒకటి రెండు పెంచుతాయి కూడా. ఏది కొనాలో, ఏది వదిలేయాలో తేల్చుకోలేని వారి కోసం ఈ పోలిక. నేను వైద్యుణ్ణి కాను. వంటింట్లో చిన్న తూకం యంత్రం పెట్టుకుని మూడేళ్ళుగా లెక్క రాసుకుంటున్న మనిషిని మాత్రమే.

ముందుగా చూడవలసినవి

అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న, ఆ వస్తువును మనం రోజుకు ఎంత తింటున్నాం అన్నది. సంక్రాంతికి నాలుగు అరిసెలు తినేవారు అరిసెలకు ప్రత్యామ్నాయం వెతకడం వలన ఏడాది లెక్కలో ఏ మార్పూ రాదు. రోజుకు మూడు టీలు తాగేవారికి మాత్రం ఆ టీలో పడే పంచదార 1,095 సార్లు లెక్కకు వస్తుంది. రెండవది, ఆ వస్తువులో కేలరీలు ఎక్కడ ఉన్నాయన్నది. పిండి పదార్థాలకు, మాంసకృత్తులకు గ్రాముకు 4 కేలరీలైతే, కొవ్వుకు గ్రాముకు 9. అందుచేత కొవ్వు జోలికి పోకుండా తీపిని మాత్రమే తీసేసిన వస్తువు చాలాసార్లు పేరుకే తేలికైనది అవుతుంది. ఆ తర్వాత, తిన్నాక ఆకలి తీరుతుందా, ఖర్చు పెరుగుతుందా, ఇంట్లో మిగతావారు దాన్ని తింటారా అన్నవి చూడాలి. ఈ చివరిదాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. ఒక్కరికోసం వేరే వంట చేయవలసి వచ్చిన ఏర్పాటు మా ఇంట్లో ఎప్పుడూ నెల దాటలేదు.

పొట్లం మీది మాటలకు చట్టపరమైన అర్థం ఉందని కూడా తెలిసి ఉండాలి. భారత ఆహార భద్రత, ప్రమాణాల ప్రాధికార సంస్థ 2018లో తెచ్చిన నిబంధనల ప్రకారం "తక్కువ కేలరీలు" అని రాయాలంటే ఘనపదార్థంలో 100 గ్రాములకు 40 కేలరీలు, ద్రవంలో 100 మిల్లీలీటర్లకు 20 కేలరీలు మించకూడదు. "చక్కెర రహితం" అంటే 100 గ్రాములకు చక్కెర అర గ్రాము మించకూడదని మాత్రమే అర్థం; అందులో ఎంత నెయ్యి, ఎంత జీడిపప్పు ఉన్నదీ ఆ మాట చెప్పదు. ఇక "డైట్", "ఫిట్", "హెల్తీ" వంటి మాటలు చూసినప్పుడు పొట్లం తిప్పి వెనక ఉన్న పట్టికలో 100 గ్రాములకు ఎన్ని కేలరీలో చదవడం తప్ప వేరే దారి లేదు.

ఒక్క చూపులో

ఈ కింది అంకెలు సుమారు లెక్కలు. ఒక మనిషి ఒక రోజు వాడకానికి వేసినవి.

| ఇప్పుడు వాడేది | దాని బదులు | కేలరీల్లో తేడా | ఖర్చు |
|---|---|---|---|
| ఫుల్ క్రీమ్ పాలు అర లీటరు (435) | టోన్డ్ పాలు (290) | 145 తగ్గుతాయి | తగ్గుతుంది |
| మూడు టీల్లో పంచదార 30 గ్రాములు (120) | తీపి బిళ్ళలు (దాదాపు సున్న) | 120 తగ్గుతాయి | కొద్దిగా పెరుగుతుంది |
| పంచదార 30 గ్రాములు (120) | బెల్లం 30 గ్రాములు (110 పైన) | లేనట్టే | పెరుగుతుంది |
| వంట నూనె 38 గ్రాములు (340) | అదే నూనె 27 గ్రాములు (240) | 100 తగ్గుతాయి | తగ్గుతుంది |
| బియ్యం 150 గ్రాములు (525) | కొర్రలు 150 గ్రాములు (500 పైన) | లేనట్టే | పెరుగుతుంది |
| మారీ బిస్కెట్లు 50 గ్రాములు (220) | డైజెస్టివ్ బిస్కెట్లు 50 గ్రాములు (240) | పెరుగుతాయి | పెరుగుతుంది |

పంచదారకు బదులు

అందరికీ మొదట గుర్తొచ్చేది ఇదే కనుక కొంచెం నిదానంగా చూద్దాం. ఒక చెంచా పంచదార సుమారు 5 గ్రాములు, అంటే 20 కేలరీలు. దాని బదులు మన వాళ్ళు వెళ్ళే దారులు రెండు: ఒకటి బెల్లం, తేనె, తాటిబెల్లం, ఖర్జూరం వంటివి, రెండవది బిళ్ళలు, చుక్కలు, పొడులు.

మొదటి దారి కేలరీల విషయంలో దారే కాదు. బెల్లంలో 100 గ్రాములకు 350కి పైగా, తేనెలో 300 దాకా, ఎండు ఖర్జూరంలోనూ 300కి దగ్గరగా కేలరీలు ఉంటాయి. బెల్లంలో కొంత ఇనుము ఉంటుంది, రుచి ఉంటుంది, కాబట్టి వాటికోసం వాడుకోవచ్చు. బరువు తగ్గడానికని వాడటంలో మాత్రం అర్థం లేదు. "బెల్లం టీ కదా" అని ఒక కప్పు ఎక్కువ తాగడం వలన నష్టమే జరుగుతుంది. చక్కెర వ్యాధి ఉన్నవారికి అయితే బెల్లం, తేనె రెండూ పంచదారతో సమానమే.

రెండవ దారిలో ఉన్నవి ముఖ్యంగా ఆస్పర్టేమ్, సుక్రలోజ్, స్టీవియా. పంచదారతో పోలిస్తే ఆస్పర్టేమ్ సుమారు 200 రెట్లు, స్టీవియా ఆకు నుంచి తీసిన సారం 200 నుంచి 300 రెట్లు, సుక్రలోజ్ 600 రెట్లు తియ్యన. అందుకే ఆవగింజంత బిళ్ళ ఒక కప్పుకు సరిపోతుంది. వాడకంలో వీటి మధ్య తేడా పొయ్యి దగ్గర తెలుస్తుంది. ఆస్పర్టేమ్‌ను మరిగిస్తే తీపి పోతుంది, కాబట్టి దించిన తర్వాతే కలపాలి. సుక్రలోజ్ వేడికి దానికంటే బాగా నిలుస్తుంది. స్టీవియా తాగిన తర్వాత నాలుక మీద సన్నని చేదు మిగులుతుంది. ఫిల్టర్ కాఫీలో అది కలిసిపోతుంది గానీ పాయసంలో దాచలేం. పైగా పంచదార, బెల్లం ఇచ్చేది తీపి ఒక్కటే కాదు. బిళ్ళలకు పాకం రాదు, తీగ సాగదు, కాబట్టి అరిసెలు, పాకం బూరెలు వీటితో చేయాలని ప్రయత్నించి పిండి పాడుచేసుకోకండి.

భద్రత గురించి భయం సహజం. 2023 జూలైలో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ ఆస్పర్టేమ్‌ను "క్యాన్సర్ కారకం అయ్యే అవకాశం ఉన్నది" అనే వర్గంలో చేర్చింది. అది సాక్ష్యం పరిమితంగా ఉన్నప్పుడు చేర్చే వర్గం. అదే సమయంలో ఆహార సంకలితాలను పరిశీలించే అంతర్జాతీయ నిపుణుల సంఘం, కిలో శరీర బరువుకు రోజుకు 40 మిల్లీగ్రాములు అనే పాత పరిమితిని మార్చనవసరం లేదని చెప్పింది. 60 కిలోల మనిషికి అది 2,400 మిల్లీగ్రాములు అవుతుంది. ఒక్కో బిళ్ళలో ఉండేది సాధారణంగా 20 మిల్లీగ్రాముల చుట్టూ కనుక రోజుకు ఐదారు బిళ్ళలు వేసుకునేవారు ఆ పరిమితికి చాలా దూరంలో ఉన్నట్టే. ఫినైల్‌కీటోన్యూరియా అనే పుట్టుకతో వచ్చే అరుదైన జబ్బు ఉన్నవారు మాత్రం ఆస్పర్టేమ్‌ను అసలు ముట్టకూడదు.

నాకు అంతకంటే ముఖ్యమనిపించేది 2023 మేలో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన సూచన. బరువును అదుపులో పెట్టుకునే సాధనంగా ఈ తీపి పదార్థాలను వాడవద్దని, దీర్ఘకాలంలో వాటి వలన కొవ్వు తగ్గుతుందని రుజువు కాలేదని అది చెప్పింది. ఇప్పటికే చక్కెర వ్యాధి ఉన్నవారికి ఈ సూచన వర్తించదని కూడా స్పష్టం చేసింది. దీని వెనక కిటుకు మన ఇళ్ళలోనే కనిపిస్తుంది. టీలో బిళ్ళ వేసుకుని 20 కేలరీలు మిగుల్చుకున్న మనిషి, ఆ ధైర్యంతో పక్కన రెండు బిస్కెట్లు పెట్టుకుంటాడు.

కాబట్టి నా ఎంపిక ఇది: రోజుకు నాలుగు చెంచాల లోపు పంచదార వాడేవారు బిళ్ళలకు పోకుండా, వారానికి అర చెంచా చొప్పున తగ్గించుకుంటూ రావడం మేలు, నాలుక నెల రోజుల్లో అలవాటు పడుతుంది. ఆరు చెంచాలు దాటినవారికి, చక్కెర వ్యాధి ఉన్నవారికి బిళ్ళ ఒక మంచి మెట్టు.

పాలు, పెరుగు

ఈ పోలికలన్నిటిలో ఇది సులువైనది, అయినా ఎక్కువమంది దీన్ని పట్టించుకోరు. మన ప్యాకెట్ పాలలో వెన్నశాతం నిబంధనల ప్రకారం ఫుల్ క్రీమ్‌లో 6, స్టాండర్డ్ పాలలో 4.5, టోన్డ్‌లో 3, డబుల్ టోన్డ్‌లో 1.5 ఉంటుంది. మాంసకృత్తులు, కాల్షియం నాలుగింటిలోనూ దాదాపు ఒకటే. 100 మిల్లీలీటర్లకు ఫుల్ క్రీమ్‌లో సుమారు 87, టోన్డ్‌లో 58, డబుల్ టోన్డ్‌లో 47 కేలరీలు వస్తాయి. రోజుకు అర లీటరు పాలు, పెరుగు రూపంలో లోపలికి పోయే మనిషికి ప్యాకెట్ మార్చినంత మాత్రాన 145 కేలరీలు తగ్గుతాయి, పైగా డబ్బు మిగులుతుంది.

ఇక్కడ వదులుకోవలసింది మీగడ. డబుల్ టోన్డ్ పాలతో తోడు పెట్టిన పెరుగు పలచగా ఉంటుంది; గడ్డపెరుగులో ఆవకాయ నంజుకుని భోజనం ముగించే అలవాటున్నవారికి అది భోజనం ముగిసినట్టే అనిపించదు. నేను రెండు వారాలు ప్రయత్నించి, టోన్డ్ పాలకు వెనక్కి వచ్చాను. మొదటి మెట్టులోనే మూడింట రెండు వంతులకు పైగా లాభం దక్కుతుంది, మిగిలినదాని కోసం పెరుగును పాడుచేసుకోనవసరం లేదు. రెండేళ్ళ లోపు పిల్లలకు మాత్రం వెన్న తగ్గించిన పాలు పట్టకూడదు.

నూనె: "లైట్" అనే మాటను నమ్మవద్దు

సన్‌ఫ్లవర్, వేరుశనగ, తవుడు, ఆలివ్, ఏ నూనె అయినా గ్రాముకు 9 కేలరీలే. వాటి కొవ్వు రకంలో తేడాలు ఉన్నాయి, గుండెకు సంబంధించి ఆ తేడాలకు విలువ ఉంది, కానీ బరువు తగ్గడానికి ఒక నూనె మానేసి మరో నూనె కొనడం వలన ఫలితం లేదు. తగ్గవలసింది పరిమాణం. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2,000 కేలరీల భోజనానికి సూచించిన పళ్ళెంలో నూనె, నెయ్యి అన్నీ కలిపి 27 గ్రాములు. నలుగురున్న ఇంట్లో ఐదు లీటర్ల డబ్బా నెలకు ఒకటి ఖర్చవుతుంటే మనిషికి రోజుకు 38 గ్రాములు పడుతున్నట్టు లెక్క. దాన్ని మూడున్నర లీటర్లకు తెస్తే, ఎవరూ ఏ పదార్థమూ మానకుండానే, మనిషికి రోజుకు వంద కేలరీలు తగ్గుతాయి.

ఇందుకు ఎయిర్ ఫ్రయర్ కొనాలా అన్నది ఇప్పుడు చాలామంది అడిగే ప్రశ్న. బంగాళాదుంప, బెండకాయ, చేప ముక్కలు, అప్పడాలు దానిలో చక్కగా వస్తాయి. కానీ మన ప్రాంతపు బలహీనత మిరపకాయ బజ్జీ, పునుగు. జారుగా కలిపిన శనగపిండి ఎయిర్ ఫ్రయర్ జల్లెడలోంచి కారిపోతుంది. గట్టిగా కలిపితే బయటికి వచ్చేది బజ్జీ కాదు. పునుగులకు మాత్రం మన వంటింట్లోనే పాత ప్రత్యామ్నాయం ఉంది. అదే దోసెల పిండిని గుంతల పెనంలో, గుంతకు నాలుగైదు చుక్కల నూనెతో గుంత పునుగులుగా వేసుకుంటే బాణలి నిండా నూనె పోయనక్కరలేదు. బజ్జీకి మాత్రం నాకు నచ్చిన ప్రత్యామ్నాయం ఇంతవరకు దొరకలేదు. వారానికి ఒకసారి రెండు తిని ఊరుకోవడమే నేను చేసుకున్న ఏర్పాటు.

కంటికి కనిపించని నూనె వేపుళ్ళలో, గుత్తివంకాయలో, పచ్చళ్ళలో ఉంటుంది. ఇడ్లీని ఓట్స్ ఇడ్లీగా మార్చుకునేవారు దాని పక్కనున్న పల్లీ చట్నీని చూడరు; వేరుశనగ పప్పు 100 గ్రాములకు 560 కేలరీల పైమాట. గాంధీనగర్ బాబాయ్ హోటల్ ఇడ్లీ పేరుపడిందే వెన్నతో. ఇడ్లీ ఎప్పుడూ తేలికైనదే, బరువంతా దాని మీద పడేదాంట్లో ఉంది. కందిపొడిలో చెంచా నెయ్యి 45 కేలరీలు. దాన్ని తీసేయమని నేను ఎవరికీ చెప్పను, రెండవ చెంచా వేసుకునే ముందు లెక్క గుర్తుంచుకోమంటాను.

అన్నానికి బదులు

బాపట్లలో పుట్టి 1986లో విడుదలైన బీపీటీ 5204, అంటే సాంబమసూరి, మన జిల్లాల అన్నం. దాన్ని మానేసి ముడిబియ్యానికో, కొర్రలకో మారినవారు బరువు తగ్గలేదని వాపోవడం తరచుగా వింటాం. కారణం తేలిక. తెల్లబియ్యం, ముడిబియ్యం, కొర్రలు, సామలు, ఓట్స్ అన్నీ వండక ముందు 100 గ్రాములకు 330 నుంచి 390 కేలరీల మధ్యనే ఉంటాయి, అందులోనూ ఓట్స్‌దే పైచేయి. చిరుధాన్యాలు, ముడిబియ్యం ఇచ్చే లాభం పీచు. దాని వలన కడుపు త్వరగా నిండినట్టు ఉంటుంది, రక్తంలో చక్కెర నెమ్మదిగా పెరుగుతుంది. ఆ నిండుదనం వలన మీరు తక్కువ తింటేనే కేలరీలు తగ్గుతాయి. గిన్నెడు అన్నం బదులు గిన్నెడు కొర్రన్నం తింటే లెక్క ఎక్కడిదక్కడే ఉంటుంది. తెల్లగా పాలిష్ పట్టిన కొర్రలు కొంటే ఆ పీచు కూడా చాలావరకు పోతుంది. తక్కువ గ్లైసీమిక్ సూచిక (తిన్నాక రక్తంలో చక్కెర ఎంత వేగంగా పెరుగుతుందో చెప్పే అంకె) ఉన్నదని పేరుపడిన ఆర్‌ఎన్‌ఆర్ 15048 బియ్యం విషయమూ ఇంతే. చక్కెర వ్యాధి ఉన్నవారికి అది పరిశీలించదగినది, కేలరీలు మాత్రం మామూలు బియ్యానివే.

అన్నానికి బదులుగా నిజంగా కేలరీలు తగ్గించే సరుకులు రెండున్నాయి. కాలీఫ్లవర్‌ను కోరి అన్నంలా ఉడికించుకుంటే 100 గ్రాములకు 25 కేలరీలు, అన్నానికైతే 130. కొంజాక్ దుంప పిండితో చేసిన అన్నం, నూడుల్స్‌లో అవి పది దాకా ఉంటాయి. ఆ దుంప మన కందకు దగ్గరి చుట్టం, అదే ప్రజాతి మొక్క. కంద మాత్రం అంత తేలికైనది కాదు. కొంజాక్ ఖరీదు చాలా ఎక్కువ, రుచి లేదు, పప్పు, పులుసు దాన్ని పట్టవు. కాలీఫ్లవర్ అన్నం వేడి వేడి సాంబారుతో ఒక పూటకు పర్వాలేదు గానీ ముద్దపప్పు, ఆవకాయలకు నిలబడదు.

వీటికంటే నాకు పనికొచ్చింది పళ్ళెంలో పాళ్ళు మార్చడం. మూడు గరిటెల అన్నంలో ఒక గరిటె, అంటే 100 గ్రాములు తగ్గించి, ఆ చోట 150 గ్రాముల బీరకాయ కూర వేసుకున్నామనుకుందాం. అన్నంలో 130 కేలరీలు పోయి, కూర ద్వారా బీరకాయకు 30, చెంచా నూనెకు 45, మొత్తం 75 వస్తాయి. కడుపు నిండుతుంది, 55 కేలరీలు మిగులుతాయి. అదే కూరలో మనిషికి మూడు చెంచాల నూనె పడితే 165 అవుతుంది. అప్పుడు అన్నమే తేలిక! సొర, పొట్ల, దొండ ఏదైనా ఇదే లెక్క.

చిరుతిళ్ళు, మిఠాయిలు, కూల్‌డ్రింకులు

చక్కెర లేని కాజూ బర్ఫీ విషయంలో నేను ఒకసారి బాగా మోసపోయాను. ఊళ్ళోని ఒక మిఠాయి దుకాణంలో కొని, చక్కెర లేదు కదా అన్న ధీమాతో మామూలుగా తినేదానికి రెట్టింపు తిన్నాను. జీడిపప్పులో 100 గ్రాములకు 580 కేలరీలు, పంచదారలో 400 లోపే. పంచదార తీసేసి ఆ చోట జీడిపప్పు, నెయ్యి, ఖర్జూరం పెంచితే ముక్కకు కేలరీలు పెరగడమే తప్ప తగ్గవు. పంచదార బదులు మాల్టిటాల్ వంటి తక్కువ కేలరీల తీపి పదార్థాలు వాడినవాటిలో కొంత తగ్గినా, ఎక్కువ తింటే కడుపు ఉబ్బరం, విరేచనాలు తప్పవు. ఇష్టమైన మిఠాయి అసలుది ఒక్క ముక్క తినడమే మంచి బేరం.

డైట్ మిక్చర్, బేక్ చేసిన చిప్స్ మామూలువాటికంటే కొంత తేలిక, అంతే; 100 గ్రాములకు 400 దాటనివి అరుదు. 300 మిల్లీలీటర్ల కోలాలో 125కు పైగా కేలరీలుంటే సున్న చక్కెర కోలాలో ఏమీ ఉండవు, కాబట్టి రోజూ కోలా తాగేవారికి ఆ మార్పు మంచిదే. బెజవాడ ఎండల్లో దాహానికి ఉప్పు, కరివేపాకు వేసిన పల్చటి మజ్జిగ గ్లాసుకు 40 కేలరీల లోపే వస్తుంది, ఆకలినీ కాసేపు ఆపుతుంది.

ఎవరికి ఏది

చక్కెర వ్యాధి ఉన్నవారి ప్రశ్న కేలరీలది మాత్రమే కాదు. వారికి తీపి బిళ్ళలు, పీచున్న ధాన్యం రెండూ విలువైనవే. అయితే ఇన్సులిన్ గానీ, చక్కెరను బాగా తగ్గించే మాత్రలు గానీ వాడుతున్నవారు అన్నం ఒక్కసారిగా తగ్గించే ముందు వైద్యునితో మాట్లాడాలి, లేకపోతే చక్కెర మరీ పడిపోవచ్చు.

హాస్టళ్ళలో, మెస్సుల్లో తినే విద్యార్థులకు, ఉద్యోగులకు నూనె మీద అధికారం లేదు. వారు ప్రత్యేకమైన ఓట్స్, బిస్కెట్లు కొనుక్కోవడం కంటే టీలో పంచదార, కూల్‌డ్రింకు, చట్నీ గిన్నె, ఈ మూడింటిని పట్టుకుంటే చాలు. చిన్నపిల్లలు, బక్కచిక్కిన పెద్దవారు ఉన్న ఇంట్లో అందరినీ ఒకే తాటి మీద నడిపించకూడదు. పాలు రెండు రకాల ప్యాకెట్లు తెప్పించుకోవచ్చు, నెయ్యి ఎవరి పళ్ళెంలో వారు వేసుకోవచ్చు.

డబ్బు గురించి ఆలోచించవలసినవారికి ఒక మాట: పై పట్టికలో టోన్డ్ పాలు, నూనె తగ్గింపు కలిపితే 245 కేలరీలు తగ్గుతాయి, రెండూ ఖర్చును కూడా తగ్గించేవే. ప్రత్యేకపు వరుసలో ఉన్నవాటిలో తీపి బిళ్ళలు తప్ప తక్కినవాటి కోసం నేను ఇప్పుడు ఆగడం లేదు.

గుంటూరు బ్రాడీపేటలో ఉండే మా మేనత్తగారు ఈ లెక్కలన్నీ విని, తూకం యంత్రాలు తన వల్ల కాదన్నారు. ఆవిడ చేసే పని ఒకటే: నూనె డబ్బా మూత తీసిన రోజున తేదీని దాని మీదే స్కెచ్ పెన్నుతో రాస్తారు. నలుగురి ఇంట్లో ఐదు లీటర్ల డబ్బా 42 రోజులు వస్తే, మనిషికి రోజుకు 27 గ్రాముల లెక్క కుదిరినట్టు. ఆవిడ డబ్బా కిందటిసారి 39 రోజులు వచ్చింది.